సంతకం చూడకుండా బొమ్మ ఎవరిదో చెప్పడం ఎలా: కామిక్స్ చిత్రకారుల గీతను చదివే పద్ధతి

చందమామ చదివి పెరిగినవాళ్లకు ఈ విద్య సగం వచ్చే ఉంటుంది. పేజీ తిప్పగానే ఇది చిత్ర బొమ్మ, ఇది శంకర్ బొమ్మ అని చెప్పేసేవాళ్లు. చిత్ర ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, సొంత సాధనతో పైకొచ్చిన చిత్రకారుడు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లలోని వింత జంతువులూ మాంత్రికులూ ఆయన చేతిలోనే రూపం పోసుకున్నారు. శంకర్ మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదువుకున్నారు. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ ఆయనదే. ఇద్దరి మధ్య తేడా ఎలా తెలుస్తుందని అడిగితే మాత్రం ‘చూస్తే తెలిసిపోతుంది’ అనేవాళ్లే ఎక్కువ. ఆ తెలిసిపోవడంలో ఏమేం ఉన్నాయో విడదీసి, దేశదేశాల కామిక్స్ చిత్రకారుల మీద ప్రయోగించి చూద్దాం.

ముందే ఒక మాట. హీరో ముఖాన్ని అన్నిటికంటే చివర చూడాలి. హీరో ముఖం అందరూ కాపీ కొట్టగలరు, కొట్టాలి కూడా. స్టూడియోలో కొత్తగా చేరిన అసిస్టెంటుకు మొదట నేర్పేది అదే. చిత్రకారుడి అసలు చేతి అలవాటు రాళ్లలో, పొగలో, చెవుల్లో, బూట్లలో, ఖాళీగా వదిలేసిన చోట్లలో దొరుకుతుంది.

కావలసినవి: కామిక్స్ పుస్తకాలు నాలుగైదు, ట్రేసింగ్ పేపర్, మామూలు బాల్ పెన్ను, కెమెరా ఉన్న ఫోను, చిన్న చిన్న తెల్లకాగితం ముక్కలు. ఒక్కో చిత్రకారుడికి ఒక సాయంత్రం సరిపోతుంది. బొమ్మలు వేయడం రాకపోయినా పర్వాలేదు.

1. పేజీ ఎంచుకోవడం

ముఖచిత్రం వద్దు. అమెరికన్ కామిక్స్‌లో ముఖచిత్రం ఒకరు, లోపలి కథ ఇంకొకరు వేయడం మామూలే. ఒకరే వేసినా ముఖచిత్రానికి పెట్టినంత శ్రద్ధ లోపలి పేజీకి పెట్టే తీరిక ఉండదు. మనకు కావలసింది ఆ తీరిక లేని పేజీయే. అలవాటు బయటపడేది అక్కడే. పుస్తకం మధ్యలోంచి, ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక గది లేదా వీధి, కాస్త కదలిక ఉన్న పేజీ తీసుకోండి. ఇంటర్నెట్‌లో దొరికే ఒంటరి ప్యానెల్, అంటే ఒక్క గడిలోని బొమ్మ సరిపోదు, పూర్తి పేజీ ఉండాలి.

ఎవరితో మొదలుపెట్టాలి? నా సలహా బెల్జియం చిత్రకారుడు హెర్జె టిన్‌టిన్, ఫ్రాన్స్ చిత్రకారుడు యుడెర్జో ఆస్టెరిక్స్, అమెరికన్లు జాక్ కిర్బీ ఫెంటాస్టిక్ ఫోర్, మైక్ మిన్యోలా హెల్‌బాయ్. నలుగురూ ఒకరికొకరు ఎంత దూరమంటే, తేడాలు వెతకాల్సిన పని ఉండదు, అవే మీద పడతాయి. జపాన్ కామిక్స్ అయిన మాంగాను రెండో విడతకు ఉంచండి. అది కుడి నుంచి ఎడమకు చదవాలి, కన్ను అలవాటు పడేదాకా గీత మీద ధ్యాస నిలవదు.

2. రంగు తీసేయండి

పేజీని ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. కామిక్స్‌లో రంగు చాలాసార్లు వేరే మనిషి పని. తర్వాతి హెల్‌బాయ్ కథలకు రంగులు వేసింది డేవ్ స్టూవర్ట్. పాత అమెరికన్ కథలు కొత్త ముద్రణలో వచ్చినప్పుడు రంగులు మళ్లీ వేస్తారు కాబట్టి, 1960ల నాటి పేజీ మీ చేతిలో నిన్న వేసినట్టు కనిపించవచ్చు. ఇక యుడెర్జోకి రంగుల్లో తేడాలు సరిగ్గా తెలిసేవి కావు. అంత రంగులమయంగా కనిపించే ఆస్టెరిక్స్ వెనక ఉన్నది రంగు సరిగా తెలియని మనిషి. ఆయన బలమంతా గీతలోనే ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు ఫోనును చేయి చాపినంత దూరంలో పెట్టి, కళ్లు సగం మూసి చూడండి. వివరాలు పోయి నల్లటి ముద్దలు మిగులుతాయి. అవి ఎంత ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి?

టిన్‌టిన్ పేజీలో దాదాపు ఏమీ మిగలవు. ఒక నల్ల కోటు, ఒక కారు టైరు, కవలల్లా కనిపించే థామ్సన్ డిటెక్టివ్‌ల సూట్లు, అంతే. నీడలు వేయడం హెర్జెకు ఇష్టం లేదు. మనిషి ముఖం మీద సగం వెలుగు, సగం చీకటి పడటం ఆ లోకంలో చాలా అరుదు. ఈ పద్ధతికి 1977లో డచ్ చిత్రకారుడు యోస్ట్ స్వార్తె ‘స్పష్ట రేఖ’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అప్పటికి హెర్జె దాన్ని వాడుతూ దశాబ్దాలు గడిచాయి.

హెల్‌బాయ్ పేజీ చూస్తే దీనికి పూర్తిగా ఎదురు. సగానికి సగం నలుపు. అయితే ఆ నలుపును జాగ్రత్తగా గమనించండి. దీపం ఎటువైపు ఉందో వెతికితే లెక్క కుదరదు. కంటిగుంట నల్లగా ఉంటుంది, గడ్డం కింద నల్లగా ఉంటుంది, వెనక గోడ మొత్తం నల్లగా ఉంటుంది, వాటి మధ్య ముక్కు మాత్రం ఒక తెల్లటి త్రికోణంలా పైకి తేలుతుంది. మిన్యోలా నలుపును నీడలా కంటే ఆకారంలా వాడతాడు. కత్తెరతో నల్లకాగితం కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. 1991లో మొదలైన ఫ్రాంక్ మిల్లర్ సిన్ సిటీ కూడా నలుపుమయమే. కానీ అక్కడ వర్షం, కిటికీ పట్టీలు, తుపాకీ వెలుగు ఇలా తెలుపు నలుపును చీల్చుకుని వస్తుంది, పేజీ అరుస్తున్నట్టు ఉంటుంది. మిన్యోలా పేజీ మౌనంగా ఉంటుంది. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే చీకటిలోనూ రకాలున్నాయని తెలుస్తుంది.

3. బాల్ పెన్ను పరీక్ష

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి. టిన్‌టిన్‌లోంచి ఒక బూటు, ఆస్టెరిక్స్‌లోంచి అతని లావుపాటి స్నేహితుడు ఒబెలిక్స్ పొట్ట, ట్రేసింగ్ పేపర్ పెట్టి బాల్ పెన్నుతో దించండి. బాల్ పెన్ను గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే మందంలో వస్తుంది. అందుకే అది ఇక్కడ పనికొస్తుంది.

హెర్జె బూటు మీ కాగితం మీద కూడా దాదాపు బూటులాగే ఉంటుంది. ఆయన గీత మందం పెద్దగా మారదు, దగ్గరి వస్తువుకూ దూరపు వస్తువుకూ ఇంచుమించు ఒకే గీత. కారు, విమానం, టిబెట్ కొండ, టిన్‌టిన్ ముంగురు, అన్నిటికీ ఒకే మర్యాద. అందుకే కళ్ల స్థానంలో రెండు చుక్కలు తప్ప ఏమీ లేని మనిషి, బోల్టులతో సహా గీసిన కారు పక్కన నిలబడినా తేడాగా అనిపించదు. హెర్జె సాధించిన అసలు మాయ ఇదే అని నా అభిప్రాయం. ముఖం ఎంత తేలికగా ఉంటే పాఠకుడు అంత సులువుగా అందులో దూరిపోతాడు. లోకం ఎంత కచ్చితంగా ఉంటే దాన్ని అంతగా నమ్ముతాడు.

ఒబెలిక్స్ పొట్ట మాత్రం బాల్ పెన్నుతో చచ్చిపోతుంది. అసలు బొమ్మలో ఆ వంపు సన్నగా మొదలై, కిందికొచ్చేసరికి లావై, బెల్టు దగ్గర మళ్లీ సన్నబడుతుంది. ఆ లావులోనే బరువు ఉంది. యుడెర్జోది బ్రష్ గీత. గుద్దు తగిలిన రోమన్ సైనికుడు చెప్పులు నేల మీదే వదిలేసి గాల్లోకి ఎగిరిపోయే ప్యానెల్ చూడండి. ఎగిరిన వేగం చెప్పేది పక్కన గీసిన గీతలకంటే ఆ ఒంటి వంపు మందం. నవ్వించే చిత్రకారుడు కదా అని యుడెర్జోని తేలిగ్గా తీసుకుంటారు. కానీ ఆయన విమానాల కథ టాంగీ ఎ లావెర్దూర్‌లో వాస్తవిక పద్ధతిలోనూ గీశాడు. ఆ పట్టు ఉన్నవాడే పొట్టకు అంత బరువు పెట్టగలడు.

బాపు బొమ్మ ఒకటి దొరికితే ఇదే పరీక్ష దాని మీద చేయండి. జడ దగ్గరో, చీర కుచ్చిళ్ల దగ్గరో బాల్ పెన్ను ఓడిపోతుంది.

ఈ మెట్టులో చివరగా చూడాల్సింది ఫ్రాన్స్‌కు చెందిన జాన్ జిరో. 1963లో షార్లియే రాసిన బ్లూబెర్రీ అనే కౌబాయ్ కథకు బొమ్మలు మొదలుపెట్టాడు. అక్కడ ‘జిర్’ అని సంతకం. ఎక్కువగా బ్రష్, దుమ్ము, చెమట, ముడతలు, ముదురు నీడలు. 1975లో మెటల్ హుర్లాన్ పత్రికలో అర్జాక్ వేశాడు. అక్కడ సంతకం ‘మోబియస్’. సన్నటి పెన్ను, చిన్న చిన్న చుక్కలతో, పొట్టి గీతలతో అల్లిన ఆకాశం, ఒక్క మాట కూడా లేని కథ. అర్జాక్ అనే పేరు అక్షరాలు కూడా ఒక్కో కథకు ఒక్కోలా మార్చేశాడు, అదో సరదా. రెండు పుస్తకాలూ ఒకే మనిషివని మొదటిసారి వినేవాళ్లు నమ్మరు. ఇంకాస్త ఓపికగా చూస్తే రెండింట్లోనూ ఒకటి మారదు. మనిషి ఎంత చిన్నగా ఉన్నా, చుట్టూ ఎడారి ఎంత పెద్దదైనా, వాడు నేల మీద ఎక్కడ నిలబడ్డాడో మనకు కచ్చితంగా తెలుస్తుంది.

4. ఎవరూ చూడని చోట్లు వెతకండి

పంతొమ్మిదో శతాబ్దంలో జియోవన్ని మొరెల్లి అనే ఇటలీ విమర్శకుడు పాత పెయింటింగులు ఎవరివో తేల్చడానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ముఖాల్నీ భావాల్నీ పక్కనపెట్టి, చెవి తమ్మెల్నీ చేతి గోళ్లనూ పోల్చాడు. చిత్రకారుడు మనసు పెట్టకుండా అలవాటుగా వేసేవి అవే కాబట్టి, అతన్ని పట్టించేవీ అవే. కామిక్స్‌కు ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. నెలకు ఇరవై పేజీలకు పైగా గీసేవాడు ప్రతి చేతినీ కొత్తగా ఆలోచించి గీయలేడు.

కిర్బీ చేతులు చూడండి. వేళ్ల కొసలు పలకల్లా నలుచదరంగా ఉంటాయి. పిడికిలి పేజీలోంచి బయటకు దూసుకొస్తుంది, వెనక ఉన్న ఒళ్లు అమాంతం చిన్నదైపోతుంది. శరీరశాస్త్రం ప్రకారం అది తప్పే. పట్టించుకోనక్కర్లేదు, దెబ్బ తగులుతున్నట్టు ఉందా లేదా అన్నదే ఆయన లెక్క. ఇనుము మీద మెరుపు కోసం వంకరటింకర నల్లటి పట్టీలు వేస్తాడు. అంతరిక్షంలో శక్తి పేలినప్పుడు నల్లటి గుండ్రటి చుక్కలు గుంపులు గుంపులుగా వస్తాయి. అభిమానులు వాటిని ‘కిర్బీ క్రాకిల్’ అంటారు. 1960ల మధ్య ఫెంటాస్టిక్ ఫోర్ సంచికల్లో అవి ఎలా పెరిగిపోయాయో చూడవచ్చు.

స్టీవ్ డిట్కో చేతులు వేరు. 1962లో స్పైడర్‌మ్యాన్, 1963లో డాక్టర్ స్ట్రేంజ్ మొదట గీసింది ఆయనే. ఇద్దరికీ చేతులే ఆయుధాలు. వేళ్లు సన్నగా, వంకరగా, నాట్యముద్రలాగా విడివడి ఉంటాయి. కిర్బీ మనుషులు గుద్దుతారు, డిట్కో మనుషులు మెలి తిరుగుతారు.

ఒక్కో చిత్రకారుడికి ఐదు చోట్లు చూడండి: చెవి, చేయి, బట్ట ముడత, రాయి, పొగ. ట్రేసింగ్ పేపర్ మీద చిన్నగా దించి పెట్టుకోండి. కత్సుహిరో ఒతోమో గీసిన మాంగా అకిరా తీసుకుంటే వీటికి ఆరోది చేర్చాలి, శిథిలాలు. భవనం కూలితే ఒక్కో సిమెంటు పెళ్లను, వేలాడే ఇనుప ఊచను విడివిడిగా గీస్తాడు. 1982 నుంచి 1990 దాకా సాగిన ఆ కథ రెండువేల పేజీలు దాటింది. అన్ని పేజీల్లోనూ ఆ ఓపిక ఎక్కడా సన్నగిల్లదు.

5. మాటలు మూసేసి పేజీ చూడండి

తెల్లకాగితం ముక్కలతో మాటలు రాసి ఉన్న బెలూన్లు మూసేయండి. కథ అర్థమవుతోందా? అర్థమైతే ఏ ప్యానెల్ మీద కన్ను ఆగింది, ఏది దాటేసింది?

హెర్జె పేజీలో సాధారణంగా నాలుగు వరుసలు. పేజీ చివరి ప్యానెల్లో ఎవరో ఒకరు ఉలిక్కిపడతారు, లేదా ఏదో శబ్దం వినిపిస్తుంది. పత్రికల్లో విడతలవారీగా వచ్చిన కథల అలవాటు అది, వచ్చే వారం దాకా పాఠకుణ్ని పట్టి ఉంచాలి. డిట్కో తొమ్మిది ప్యానెళ్ల గడిని ఇష్టంగా వాడతాడు. స్పైడర్‌మ్యాన్ అసలు మనిషి పీటర్ పార్కర్ టెన్షన్ అంతా ఆ ఇరుకులో బాగా ఇముడుతుంది. కిర్బీ పోనుపోను ప్యానెళ్లు తగ్గించి, ఒక్కోసారి రెండు పేజీలకూ కలిపి ఒకే బొమ్మ పెట్టేశాడు.

మిన్యోలాకు ఒక అలవాటుంది. పోట్లాట మధ్యలో ఉన్నట్టుండి ఒక చిన్న ప్యానెల్లో రాతి విగ్రహం ముఖమో, ఒక కప్ప బొమ్మో కనిపిస్తుంది. కథకు దాంతో పని ఉండదు. కానీ ఆ ఒక్క క్షణం చప్పుడు ఆగిపోతుంది. ఈ నలుగురిలో నాకు బాగా ఇష్టమైనది ఆయనే. కారణం ఆ నలుపుకన్నా ఈ ఆగడమే.

జపాన్ చిత్రకారుడు ఒసాము తెజుకా గీసిన మాంగా బుద్ధ చదివేవాళ్లు ఇంకో సంగతి చూడాలి. మరణం, ఆకలి నడుస్తున్న పేజీలో అకస్మాత్తుగా ఒక కోతిచేష్ట వస్తుంది. కొండలు, అడవులు శ్రద్ధగా ఉంటాయి, మనుషులు గుండ్రటి కళ్లతో బొమ్మల్లా ఉంటారు. కొందరికి ఇది అపచారంలా అనిపిస్తుంది. 1972 నుంచి 1983 దాకా అంత పొడుగు కథను ఊపిరాడేలా చేసింది ఆ చేష్టలే అంటాను నేను.

6. ఎన్ని చేతులు పనిచేశాయో లెక్క చూడండి

శైలి ఒక్క మనిషిదే అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. అమెరికన్ పద్ధతిలో పెన్సిలుతో గీసేవాడు ఒకడు, దాని మీద సిరా వేసే ఇంకర్ ఇంకొకడు. కిర్బీ దీనికి మంచి పాఠం. జో సిన్నట్ సిరా వేసిన ఫెంటాస్టిక్ ఫోర్ నున్నగా, మెరుస్తూ ఉంటుంది. థోర్ కథల్లో విన్స్ కొలెట్టా సిరా గీరినట్టు సన్నగా ఉంటుంది. గడువు తరుముతుంటే వెనక ఉన్న మనుషుల్ని చెరిపేస్తాడన్న చెడ్డపేరు కూడా ఆయనకుంది. 1970ల మొదట్లో డీసీ అనే ప్రచురణ సంస్థకు కిర్బీ వేసిన న్యూ గాడ్స్‌లో తొలి సంచికలకు కొలెట్టాయే, ఐదో సంచిక నుంచి మైక్ రాయర్. రాయర్ పెన్సిలు గీతను ఉన్నదున్నట్టు దించేవాడు. ఈ ముగ్గురి పేజీలూ పక్కపక్కన పెట్టండి. మూడింట్లోనూ ఉన్నది కిర్బీది, మారినది ఇంకర్‌ది. కిర్బీని శుద్ధంగా చూడాలంటే రాయర్ సంచికలతోనే మొదలుపెట్టండి.

యూరప్‌లోనూ అంతే. హెర్జె 1950లో స్టూడియో పెట్టాక నేపథ్యాలు చాలావరకు బాబ్ ద మూర్ లాంటి సహాయకులు చూసుకున్నారు. ఆస్టెరిక్స్‌కు కొంతకాలం యుడెర్జో తమ్ముడు మార్సెల్ సిరా వేశాడు. కాబట్టి ‘ఇది హెర్జె గీత’ అనేటప్పుడు హెర్జె పెట్టిన నియమం అనే అర్థంలో అనాలి.

7. ఎందుకలా గీశారో అడగండి

ఇక్కడికి వచ్చాకే జీవిత చరిత్ర చదవండి, ముందు చదివితే లేనివి కూడా బొమ్మలో కనిపిస్తాయి. కిర్బీ న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో వీధి గ్యాంగుల మధ్య పెరిగాడు. కొట్లాట అంటే ఏమిటో ఆయనకు తెలుసు. హెర్జె 1934లో షాంఘై కథ నీలి తామర మొదలుపెట్టే ముందు చాంగ్ అనే చైనా విద్యార్థి పరిచయమయ్యాడు. వీధి బోర్డుల మీద చైనా అక్షరాల దాకా అన్నీ సరిగ్గా ఉండాలన్న పట్టుదల ఆ స్నేహంతో వచ్చింది. అంతకుముందు కథల్లోని దేశాలు కాలక్షేపం కోసం వేసినట్టు ఉంటాయి.

మన దేశంలో దీనికి చక్కటి ఉదాహరణ రామ్ వాయీర్కర్. అమర చిత్ర కథలో కృష్ణుడి పుస్తకానికి బొమ్మలు వేసింది, టింకిల్‌లో సుప్పండిని గీసింది ఆయనే. ఒకటి భక్తితో పూజగదిలో పెట్టుకోదగ్గ కృష్ణుడు, ఇంకోటి గుడ్డుతలకాయ, వంకర నవ్వు. ముఖాలు పోల్చి లాభం లేదు. నిలబడే తీరు, చేతుల వేళ్లు పోల్చండి. అదే ప్రాణ్ చాచా చౌదరి తీసుకుంటే నేపథ్యం చాలాసార్లు ఖాళీ, గీత పొదుపు. బస్సులో, రైల్లో గబగబా చదివేసే పుస్తకానికి అంతకంటే ఎక్కువ గీస్తే అడ్డం.

8. చీటీ రాసి పరీక్ష పెట్టుకోండి

ఒక్కో చిత్రకారుడికి ఒక చీటీ, నాలుగైదు వాక్యాలు మించకూడదు. ‘అద్భుతం’, ‘జీవం ఉట్టిపడుతుంది’ లాంటి మాటలు నిషేధం, వాటితో ఎవరినీ గుర్తుపట్టలేం. ఇలా ఉండాలి:

మిన్యోలా: పేజీలో సగం నలుపు. వెలుగు దిక్కు లెక్క కుదరదు. చేతులు పెద్దవి, కాళ్లు కిందికి సన్నబడతాయి. సందర్భం లేకుండా చిన్న మౌన ప్యానెల్.

హెర్జె: నీడ లేదు. అన్నిటికీ ఒకే మందం గీత. ముఖం చుక్కలు, వస్తువులు కచ్చితం. తలచుట్టూ చెమట బిందువులు. పేజీ చివర ఉలిక్కిపాటు.

చీటీలు తయారయ్యాక ఇంట్లో ఎవరినైనా ఒకరిని కూర్చోబెట్టుకోండి. వాళ్లు ఫోనులో ప్యానెళ్లు ఒక్కొక్కటి తెరిచి, ముఖం మీద వేలు పెట్టి మూసి చూపించాలి. మీరు పేరు చెప్పి, కారణం కూడా చెప్పాలి. పేరు సరైనదై కారణం చెప్పలేకపోతే సగం మార్కులే.

నలుగురూ తేలిగ్గా దొరికిపోతున్నారంటే అనుకరించినవాళ్లను కలపండి. హెర్జె దారిలో నడిచిన ఈవ్ షాలాన్, టెడ్ బెన్వా, స్వార్తె పేజీలు టిన్‌టిన్ మధ్యలో పెట్టించండి. అక్కడ గీత మందం, నీడ లేకపోవడం అనే ఆధారాలు పనిచేయవు, అవి అందరికీ ఒకటే. కార్లు, కుర్చీలు, చొక్కా కాలర్లు చూడాల్సి వస్తుంది. షాలాన్ గీతలో బ్రష్ ఊపు దాగదు. బెన్వా పేజీలో బిల్డింగులు మనుషులకన్నా ముందు కళ్లలో పడతాయి. కిర్బీ విషయంలో అయితే క్రాకిల్ చుక్కల్ని లెక్కలోంచి తీసేయండి, ఆయన తర్వాత వచ్చినవాళ్లందరూ వాటిని వాడుకున్నారు. పిడికిలి ఒక్కటే చూడండి.